కొర్రల మాస్టారు

మా కాలేజీలో నన్ను అసలు పేరుతో పిలిచేది ప్రిన్సిపాల్ గారొక్కరే. మిగతా అందరికీ నేను కొర్రల మాస్టారిని. ఇంటర్ పిల్లలకు పాతికేళ్ళు లెక్కలు చెప్పి గొంతు అరగదీసుకున్నా రాని పేరు, జన్మకల్లా నాలుగంటే నాలుగుసార్లు తిన్న కొర్రన్నంతో వచ్చింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేను ఎన్ని వేషాలు వేశానో, ఆ వేషాల ఖర్చు నా ఒళ్ళూ, మా ఆవిడా, ఇంకో అమాయకుడూ ఎలా భరించారో ఇన్నాళ్ళకు చెప్పుకుంటున్నాను. దాచి దాచి విసుగొచ్చింది.

2018 దసరా నాటికి నాకు 44 ఏళ్ళు. బరువు 134 కిలోలు, ఎత్తు 173 సెంటీమీటర్లు. డాక్టరు వేయకముందే బీఎంఐ నేనే వేసుకున్నాను: 44.8. వయసూ అదీ పోటీపడి నడుస్తున్నాయన్నమాట. మనవాళ్ళకు 25 దాటితేనే ఊబకాయం కింద జమ. ఎనిమిదేళ్ళుగా షుగరు, ఐదేళ్ళుగా బీపీ. రాత్రి గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేది. అందుకని ముక్కుకు మాస్కు తగిలించుకుని, సీపాప్ మిషను పక్కన పెట్టుకుని పడుకునేవాణ్ణి. దాని చప్పుడు పడలేక మా ఆవిడ పక్క గదిలోకి మారి మూడేళ్ళయింది. 2015 పుష్కరాలకు దేశమంతా మా రాజమండ్రి వచ్చి గోదావరిలో మునిగితే, ఘాటు మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేనని, మా అబ్బాయి బిందెతో తెచ్చిన నీళ్ళు పెరట్లో నెత్తిన పోసుకున్న ఘనుణ్ణి నేను. పెళ్ళికి వెళితే ముందు ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు చూసేవాణ్ణి, తర్వాతే పెళ్ళికూతుర్ని.

ఆపరేషన్ చేయించుకోవాలనుకోవడం నా బతుకులో నేను చేసిన కొద్దిపాటి తెలివైన పనుల్లో ఒకటి. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఇక్కణ్ణించి వచ్చేవన్నీ తెలివితక్కువ పనులే కాబట్టి.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో ముప్పావు వంతుకు పైగా నిలువునా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంగా మూసేస్తారు. లీటరు పైన పట్టే సంచి నూటయాభై మిల్లీలీటర్ల గొట్టమవుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలో. అది కూడా పోతుంది గనుక కొన్నాళ్ళపాటు ఆకలన్నదే తెలీదు. హైదరాబాదులో డాక్టరు గారు బొమ్మ గీసి ఇదంతా చెబుతుంటే బుద్ధిగా తలూపాను. ఆ తర్వాత ఆయన ఇంకో ముప్పావు గంట చెప్పారు. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి, ఏడాదికోసారి రక్తపరీక్షలు, రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, తిండీ నీళ్ళూ కలపకూడదు, ముద్ద మెత్తగా నమిలి మింగాలి. ఆ ముప్పావు గంటా నేను 36 సైజు ప్యాంటు వేసుకుని స్టాఫ్ రూములోకి నడుస్తున్నట్టు ఊహించుకుంటూ కూర్చున్నాను. నా క్లాసులో వెనక బెంచీవాళ్ళు చేసేదీ అదే. వాళ్ళను మాత్రం లేపి నిలబెడతాను.

పీఎఫ్ మీద తీసిన మూడున్నర లక్షలతో పని అయిపోయింది. తెలిసినవాళ్ళు ముగ్గురే: మా ఆవిడ, మా అబ్బాయి, హైదరాబాదులో ఉన్న మా అక్కయ్య. కాలేజీలో గాల్‌బ్లాడర్ రాళ్ళని చెప్పాను. మా అమ్మకూ అదే చెప్పాను. లావు తగ్గడానికి కడుపు కోయించుకున్నాడంటే నోరు కట్టుకోలేని మనిషని నవ్వుతారని నా భయం. అదివరకు 134 కిలోలతో నడుస్తున్నప్పుడు ఎవరూ నవ్వనట్టు.

మొదటి నెలలోనే 12 కిలోలు పోయాయి. పెసరకట్టు, మజ్జిగ తేట, ఆ తర్వాత మెత్తగా చేసిన పప్పు, ఇంకా తర్వాత అరఇడ్లీ. షుగరు మాత్రలు వారంలోనే ఆపేశారు. బరువు సంగతలా ఉంచితే, ఈ ఒక్కటి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ఎనిమిదేళ్ళ రోగం ఎనిమిది రోజుల్లో తోక ముడిచింది. ఆరు నెలలకు 102. బెల్టుకు కొత్త చిల్లులు వేసి వేసి మేకు అరిగిపోయింది.

మన ఊళ్ళలో లావుగా ఉన్నవాడికి ఒకటే తిప్పలు, చిక్కినవాడికి వంద. "ఏంటి మాస్టారూ, పీక్కుపోయారు, ఒంట్లో బాగుందా?" అని మొదలై, "మా తోడల్లుడు కూడా ఇలాగే చిక్కాడండి, చివరికి చూస్తే క్యాన్సరు" దాకా వచ్చింది. ఇంకో పెద్దమనిషి ఇంతకంటే పెద్ద రోగమే అంటగట్టాడని విన్నాను. ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. ఆ రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా రెండే చర్చలు: ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు, వీరమాచనేని గారి కొబ్బరినూనె. కొబ్బరినూనె తాగానని చెప్పడానికి నాకే మొహమాటమేసింది. కాబట్టి కొర్రలు. "పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక, రెండు పూటలా కొర్రలు, అంతే" అన్నాను ఓ రోజు స్టాఫ్ రూములో. అబద్ధం కుట్టించుకోనక్కర్లేకుండా రెడీమేడ్‌గా దొరికింది, సరిగ్గా సరిపోయింది కూడా.

అబద్ధాన్ని పోషించడం మాటలు కాదు. నడక నిజంగానే మొదలుపెట్టాల్సి వచ్చింది, అది మంచికే. కాని మాత్రలు దాచాల్సి వచ్చింది. ఇంటికెవరొచ్చినా బల్ల మీద మాత్రల అట్టలు కనబడకూడదని బియ్యం డబ్బా వెనక పెట్టాను. కనబడనిది మరుపున పడడానికి ఎంతసేపు? వేగంగా చిక్కేవాళ్ళకు పిత్తాశయంలో రాళ్ళు పడతాయని, అవి పడకుండా ఆరు నెలలపాటు వేసుకోమని ఒక మాత్ర రాశారు. రెండో నెలలోనే మానేశాను. తొమ్మిదో నెలలో ఓ రాత్రి కుడి డొక్క కింద కత్తి పెట్టి తిప్పినట్టయింది. స్కానింగులో చూస్తే రాళ్ళు. అక్షరాలా గాల్‌బ్లాడర్ రాళ్ళు.

ఇప్పుడు కాలేజీలో సెలవు ఏమని అడగను? ఆ గాల్‌బ్లాడర్‌ను కిందటి దసరాకే తీయించేశాను కదా! ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా నేను ఆలోచించింది దాని గురించే. చివరికి హెర్నియా అని రాసిచ్చాను. రాజమండ్రిలో ఒకే గాల్‌బ్లాడర్‌ను రెండుసార్లు తీయించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంత చెప్పినా, ఆ మొదటి ఏడాది సుఖం సుఖమే. చెప్పకపోతే అన్యాయమవుతుంది. బూట్ల లేసులు వంగి కట్టుకున్న రోజు మంచం మీద కూర్చుని ఊరికే విప్పి మళ్ళీ కట్టుకున్నాను. షేరింగ్ ఆటోలో నా పక్కన ఇద్దరు కూర్చున్నారు, ఎవరూ మొహం చిట్లించలేదు. రైల్లో పై బెర్తు ఎక్కాను. సత్యనారాయణ వ్రతంలో బాసిపట్టు వేసుకుని కథ మొత్తం విని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. సీపాప్ మిషను అటక ఎక్కింది, మా ఆవిడ గదిలోకి తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి వారం అర్ధరాత్రి ఎందుకో మెలకువ వచ్చి కళ్ళు తెరిస్తే, ఆమె నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. గురక వినబడకపోయేసరికి ప్రాణం ఉందో లేదో అని! 2020 సంక్రాంతికి ముందు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరాను. అప్పుడు నా బరువు 86. ఆ ఫోటో స్టాఫ్ గ్రూపులో పెట్టాను. కింద ఏం రాశానో మీరు ఊహించే ఉంటారు.

ఏడాది పూర్తయినప్పుడు ఆసుపత్రిలో డైటీషియన్ ఒక కాగితం ఇచ్చింది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళ జీవితం ఎలా ఉందో కొలిచే ప్రశ్నపత్రం అది. మూర్‌హెడ్, ఆర్డెల్ట్ అనేవాళ్ళు తయారుచేశారు. ప్రశ్నలు ఆరే. నీ గురించి నీకెలా అనిపిస్తోంది, కదలికల్లో ఆనందం ఉందా, నలుగురితో ఎలా ఉంటున్నావు, పని చేసుకోగలుగుతున్నావా, దాంపత్య సుఖం ఎలా ఉంది, చివరిది తిండి సంగతి: తినడానికి బతుకుతున్నావా, బతకడానికి తింటున్నావా. ఒక్కోదానికి పది గళ్ళు. మైనస్ అర నుంచి ప్లస్ అర దాకా మార్కులు, మొత్తం మూడు. నేను ఆరింటికీ ఆఖరి గడిలో టిక్కు కొట్టాను. మూడుకు మూడు. జీవితకాలం పిల్లల పేపర్లు దిద్దినవాడు తన పేపరు తనే దిద్దుకుంటే ఇంకెన్ని వస్తాయి?

మూడో ప్రశ్నకు, ఆరో ప్రశ్నకు నేను రాసింది అబద్ధం. నలుగురితో ఎలా ఉంటున్నానా? నలుగురూ నన్ను మెచ్చుకుంటున్నారు, నేను నలుగురినీ తప్పించుకుంటున్నాను. పెళ్ళిభోజనాలంటే ప్రాణం మీదికి వచ్చేది. మా గోదావరి జిల్లాల్లో విస్తరి ముందు కూర్చున్నవాడు "చాలండి" అంటే దాని అర్థం "ఇంకో రెండు వేయండి" అని. అమలాపురం దగ్గర మేనకోడలి పెళ్ళిలో, మా బావగారు స్వయంగా గరిటె పట్టుకుని నిలబడి, "కొర్రలు రేపు తిందువుగాని బావా, ఇవాళ మా బొబ్బట్టు తినాలి" అని రెండు వేసి నెయ్యి పోశారు. అసలు సంగతి తెలిస్తే ఆ చెయ్యి ఆగేది. చెప్పలేక తిన్నాను. అయిదు నిమిషాల్లో కల్యాణమండపం వెనక గాడిపొయ్యిల దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను. వంటాయన చూసి చెంబుతో నీళ్ళిచ్చి, "అరగలేదాండి?" అన్నాడు. అరగడం దాకా ఎక్కడ వెళ్ళింది నాయనా.

ఇంకోసారి, మే నెల ఎండలో, మా ఊరి రోజ్ మిల్క్ మూడు గుక్కల్లో తాగేశాను. పావుగంటకు గుండె దడ, చెమటలు, కళ్ళు తిరుగుడు. గుండెపోటే అనుకుని బెంచీ మీద వాలిపోయాను. డంపింగ్ అంటారట దాన్ని. తీపి ద్రవం కడుపులో నిలవకుండా ఒక్కసారిగా పేగుల్లోకి దూకితే అలా అవుతుంది. బైపాస్ రకం ఆపరేషన్ అయినవాళ్ళకు ఎక్కువట, మా స్లీవ్ వాళ్ళకూ తప్పదట. ఆ ముప్పావు గంటలో ఇది కూడా చెప్పే ఉంటారు.

మా ఆవిడ మాట ఎత్తకుండా దాటేద్దామనుకున్నాను గాని, అసలు తెలివితక్కువతనం అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళ కాపురంలో మా ఇద్దరి మధ్య ప్రేమలేఖలు, సినిమా కబుర్లు లేవు. ఉన్నదల్లా వంటిల్లే. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ, వంకాయ కూర ఉప్పు చూసి చెబుతూ, మధ్యాహ్నం పూట ఎదురెదురుగా కూర్చుని తినడమే మా కబుర్లు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మా వైపు. ఆపరేషన్ అయిన మరుసటి ఆషాఢంలో ఆమె ఎంతో కష్టపడి పులస సంపాదించి, ముందురోజే పులుసు పెట్టి, మర్నాడు వడ్డించింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాను. పైగా "ఇంత నూనె ఎందుకు పోశావు?" అన్నాను. నాకది ఆరోగ్య సూత్రం. ఆమెకు అది ఎలా వినబడిందో ఆలోచించలేదు.

ఆ తర్వాత నెమ్మదిగా వంటింట్లో చప్పుళ్ళు తగ్గాయి. పోపు వాసన రావడం మానేసింది. "ఏవండీ, ఇంక ఎవరి కోసం వండమంటారు?" అందొకరోజు, కోపంగా కాదు, ఊరికే. మిగిలిపోయినవి పారేయలేక తనే తినేది. నేను 48 కిలోలు తగ్గిన కాలంలో ఆమె తొమ్మిది కిలోలు పెరిగింది. దానికి నేను ఆమెకిచ్చిన సలహా ఏమిటో తెలుసా? కొర్రలు. చెబుతున్నది ఎవరికి? ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న మనిషికి! ఆమె నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నా అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టానని అప్పుడైనా తెలుసుకోవలసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నడక ఆగింది. ఆన్‌లైన్ క్లాసులు. కెమెరా ఆపి, మైకు ఆపి, పిల్లలకు లెక్క ఇచ్చి, చెయ్యి జంతికల డబ్బాలో పెట్టేవాణ్ణి. స్లీవ్ కడుపులో ఒక పెద్ద చిల్లు ఉందని నాకప్పుడు తెలిసింది. అన్నం, చికెన్, చపాతీ అయితే నాలుగు ముద్దలకే నిండిపోతుంది. జంతికలు, ఐస్‌క్రీమ్, బిస్కట్లు మాత్రం నోట్లో మెత్తబడి అలా జారిపోతాయి. గొట్టం నిండదు, కడుపు "చాలు" అనదు. ఇక పూతరేకులున్నాయి చూడండి, ఆత్రేయపురం నుంచి మా ఇంటికి గంట ప్రయాణం. కాగితం కంటే పల్చటి బియ్యపు రేకు, మధ్యలో బెల్లం, నెయ్యి. నోట్లో పెట్టగానే ఉన్నది కాస్తా మాయం. నూటయాభై మిల్లీలీటర్ల గొట్టానికి పూతరేకు ఘనపరిమాణం దాదాపు సున్నా. సున్నాను ఎన్నిసార్లు కలిపినా సున్నాయే కదా! లెక్కల మాస్టారు బోల్తా పడ్డ లెక్క అది. ఆకలి లేదు నిజమే. కళ్ళాకలి ఉంది. దాన్ని ఏ సర్జనూ కోసి తీయలేదు.

ఏడాదికోసారి రమ్మన్న పరీక్షలకు రెండో ఏడాది కరోనా సాకు. మూడో ఏడాది సాకు కూడా లేదు, సిగ్గు. మార్కులు తగ్గిన కుర్రాడు పేరెంట్స్ మీటింగు సంగతి ఇంట్లో చెప్పనట్టు.

2021 చివరలో పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. మెట్లు దిగేటప్పుడు మెట్టు ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. బోర్డు దగ్గర నిలబడి, వేలసార్లు రాసిన సూత్రం సగంలో ఆగిపోయేది. పిల్లలు అందించేవారు. షుగరు మళ్ళీ వచ్చిందేమో అనుకున్నాను. అదీ కొంత వచ్చింది, కాని అసలు సంగతి బీ12. ఆ విటమిన్‌ను ఒంటికి పట్టించే పదార్థం తయారయ్యేది కడుపు గోడల్లో. గోడలే ముప్పావు వంతు పోయాక అది ఎక్కణ్ణించి వస్తుంది? ఎనిమిదేళ్ళు మింగిన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను కొంత తగ్గిస్తుందట. కాకపోతే కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. ఆ నిల్వ కరిగినన్నాళ్ళూ ఏమీ తెలీదు. మాత్రలు మానేసి రెండేళ్ళయినా ఏం కాలేదు కాబట్టి అవి అనవసరమని నేను తేల్చుకున్నాను. బ్యాంకులో డబ్బు తీస్తూ, జీతం లేకపోయినా బాగానే గడుస్తోందే అని మురిసినట్టు. ఇంజక్షన్లు పడ్డాయి. తిమ్మిరి చాలావరకు తగ్గింది, ఎడమ బొటనవేలు మాత్రం ఇప్పటికీ నాది కానట్టే ఉంటుంది.

2023 వచ్చింది. ఆ ఏడాదిని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఖాదర్ వలీ గారికి పద్మశ్రీ ప్రకటించారు. ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నాకు 103 కిలోలు దక్కాయి. ఎవరికి రావలసింది వాళ్ళకు వచ్చింది.

చిరుధాన్యాల సంవత్సరమని మా ప్రిన్సిపాల్ గారు సభ పెట్టారు. ముఖ్య వక్త ఎవరు? ఇంకెవరు. కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు అంటూ బల్ల మీద ముగ్గులా పోశారు. నేను వదులు చొక్కా వేసుకుని ఇరవై నిమిషాలు దంచాను. సంకల్పబలం అన్నాను. నాలుకను జయించినవాడు అన్నాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. ఫస్టియర్ కుర్రాడొకడు లేచి, ఏ దురుద్దేశమూ లేకుండా, "సార్, మరి మీరు మళ్ళీ లావయ్యారేంటి సార్?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. "గ్యాస్ ట్రబుల్" అన్నాను.

ఆ నవ్వుల్లో నవ్వని మనిషి ఒకాయన ఉన్నాడు. మా ల్యాబ్ అసిస్టెంటు. ముప్పై ఆరేళ్ళుంటాయి, 128 కిలోలు. సభ అయ్యాక స్టాఫ్ రూముకి వచ్చాడు. అతను నాలుగేళ్ళుగా, అంటే నేను స్టాఫ్ రూములో ఆ మాట అన్న నెల నుంచీ, నా పద్ధతి పాటిస్తున్నాడట. నాకు తెలీదు. తెల్లవారుజామున అయిదింటికి అరిగిన మోకాళ్ళతో గట్టు మీద నడక. రెండు పూటలా కొర్రలు. ఏడు కిలోలు తగ్గి, అయిదు మళ్ళీ పెరిగాడు. "మాస్టారు చేయగలిగింది నీకేంటి కష్టం" అని ఇంట్లో అంటారట. "నాలోనే ఏదో లోపం ఉందండి. మీకున్న పట్టుదల నాకు లేదు మాస్టారూ" అన్నాడు. కళ్ళు ఎత్తకుండా.

కథల్లో అయితే ఆ క్షణాన నేను నిజం చెప్పేయాలి. నేను చేసింది ఏమిటంటే, అతని భుజం తట్టి, "రాత్రి పూట పెరుగు మానేసి చూడు" అన్నాను.

ఆ మాట అన్న రాత్రి నిద్ర పట్టలేదు. అటక మీద నుంచి దించి మళ్ళీ వాడుతున్న సీపాప్ మిషను వల్ల కాదు. ఆ రోజుల్లోనే మా అబ్బాయి ఫోనులో వెతికి ఒక స్వీడన్ అధ్యయనం చూపించాడు. 1987లో మొదలుపెట్టి, ఆపరేషన్ అయినవాళ్ళను రెండు వేల మందిని, కానివాళ్ళను మరో రెండు వేల మందిని ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. అప్పటి ఆపరేషన్లు వేరు, నాది వేరు. కాని జీవితం ఎలా ఉందని అడిగితే వాళ్ళు చెప్పిన జవాబుల గ్రాఫు అచ్చం నాది: మొదటి ఏడాది శిఖరం, అక్కణ్ణించి ఆరో ఏడాది దాకా బరువు పెరిగేకొద్దీ దిగుడు, ఆ తర్వాత ఒకచోట నిలకడ. అయినా పదేళ్ళ తర్వాత చూస్తే, మొదలుపెట్టిన చోటు కంటే పైనే ఉన్నారు. నేను శిఖరం మీద ఫోటో దిగి, అదే ఇల్లనుకున్నాను.

ఆ ల్యాబ్ అసిస్టెంటుకు నిజం చెప్పడానికి పదకొండు నెలలు పట్టింది. 2024లో ఓ ఉదయం గట్టు మీద, కోటిలింగాల ఘాటు దగ్గర టీ బండి బెంచీ మీద కూర్చోబెట్టి, చొక్కా ఎత్తి పొట్ట మీద మచ్చలు చూపించాను. కింద వేలాడే చర్మమూ చూపించాను. ఎండాకాలంలో ఆ మడతల్లో ఒరుసుకుపోతుందని, పౌడరు జల్లి బనీనులోకి దోపుకుంటానని కూడా చెప్పాను. అంతా విని చాలాసేపు గోదావరి వైపు చూశాడు.

"ఐదేళ్ళండి" అన్నాడు.

తర్వాత, "మా ఆవిడకి కూడా మీరే చెప్పాలండి" అన్నాడు. వెళ్ళి చెప్పాను. ఆ అమ్మాయి కాఫీ ఇచ్చింది గాని కూర్చోమనలేదు. అతను నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఒక డాక్టరుకు చూపించుకుంటున్నాడు. ఆపరేషనా, ఈమధ్య వచ్చిన ఇంజక్షన్లా, ఇంకేదైనానా అన్నది వాళ్ళిద్దరి సంగతి. నన్ను సలహా అడగలేదు. అడిగినా ఇవ్వను.

నేను మళ్ళీ ఆ హైదరాబాదు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను, ఐదేళ్ళ తర్వాత. తిడతారనుకున్నాను. ఆయన కొత్త కాగితం తీసి మళ్ళీ అదే బొమ్మ గీసి, ఆ ముప్పావు గంటా మళ్ళీ చెప్పారు. ఈసారి నోట్సు రాసుకున్నాను. మాత్రలు ఇప్పుడు భోజనాల బల్ల మీద, స్టీలు డబ్బాలో, ఉప్పు సీసా పక్కన ఉంటాయి. క్యాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకూడదు గనుక మధ్య రెండు గంటల ఎడం కోసం ఫోనులో అలారం మోగుతుంది. వచ్చినవాళ్ళు ఏమిటవి అని అడుగుతారు, చెబుతాను. సగం మందికి ఆసక్తి కూడా ఉండదు. ఆరేళ్ళు నేను భయపడింది ఈ ప్రశ్నకా అనిపిస్తుంది.

మా ఆవిడా నేనూ ఇప్పుడు ఒక పద్ధతికి వచ్చాం. నేను నా చిన్న గిన్నెలో తినడం పావుగంటలో అయిపోతుంది, కాని ఆమె తినడం పూర్తయ్యేదాకా లేవను. కూర ఉప్పు చూసి చెప్పే ఉద్యోగం మళ్ళీ నాదే. కిందటి ఆషాఢంలో పులస వండింది. మూడు ముద్దలు తిన్నాను. నూనె గురించి నోరెత్తలేదు.

ఆ ప్రశ్నపత్రం మొన్న మళ్ళీ నింపాను. ఈసారి పక్కన ఆమెను కూర్చోబెట్టుకుని. ఒకటి రెండు చోట్ల నా టిక్కును ఆమె కొట్టేసి వెనక గడిలో పెట్టింది. మూడుకు 1.3 వచ్చింది. ఆ పట్టిక ప్రకారం అది 'బాగుంది' కింద లెక్క.

ఈ ఉదయం బరువు 97. రాజమండ్రిలో గాని, తిరుమల ఫోటో చూసి గాని, నా మాట నమ్మి కొర్రలు కొన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. కొన్నవి పారేయకండి, అవి మంచివే, వండుకుని తినండి. గట్టు మీద నడక కూడా మంచిదే. నా 37 కిలోలు మాత్రం వాటివల్ల తగ్గలేదు.